పట్టికలో దాగిన తప్పు అక్షరం: పేర్ల పొరపాట్లను వెదికి పట్టే ప్రశ్నలు

సరిహద్దు గ్రామాలలోని తెలుగువారికి పేరు ఒక్కటే అయినా దాని రాతలు అనేకం. ఇంట్లో తెలుగులో పిలిచే పేరు బడిలో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో నమోదవుతుంది. బ్యాంకులో అది ఆంగ్లానికి మారుతుంది. ఆధార్ కార్డు మీద రెండు లిపులలో అచ్చవుతుంది. ఇన్ని చేతులు మారిన పేరులో ఎక్కడో ఒక అక్షరం తేడా పడటం వింత కాదు. పుస్తకాల కాలంలో ఆ తేడాను గుమాస్తా కంటితో చూసి, మనిషిని గుర్తుపట్టి, ఇద్దరూ ఒకరేనని సరిపెట్టేవాడు. కంప్యూటరుకు ఆ దాక్షిణ్యం లేదు. ఒక్క చుక్క తేడా ఉన్నా దాని దృష్టిలో ఇద్దరూ వేర్వేరు మనుషులే.

ఈ తేడా వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి కింద అర్హులైన రైతు కుటుంబాలకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా అందుతాయి. దరఖాస్తులోని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోలకపోతే ఆ విడత ఆగిపోతుంది. విద్యార్థి వేతనాలకు, రేషన్ కార్డులకు, భూమి బదిలీకి కూడా ఇదే చిక్కు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా జీవితకాలంలో 2 పర్యాయాలకే పరిమితం. కాబట్టి తప్పును పట్టికలోనే ముందుగా వెదికి పట్టుకోవడం అందరికీ మేలు. వేల పేర్లున్న పట్టికను కంటితో చదివి తప్పులు పట్టడం అసాధ్యమే. అయితే సరైన ప్రశ్న అడిగితే ఆ పట్టికే తన తప్పులను తాను చూపగలదు.

ప్రశ్న అడగడం అంటే

కంప్యూటరులో సమాచారాన్ని గడులుగా, వరుసలుగా పేర్చిన పట్టికల సముదాయమే డేటాబేస్. ఈ పట్టికల పద్ధతిని ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ప్రతిపాదించాడు. ఆయన పనిచేసిన ఐబీఎం సంస్థలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలను ప్రశ్నించే భాషను రూపొందించారు. మొదట సీక్వెల్ అని పిలిచిన ఆ భాషే నేటి ఎస్‌క్యూఎల్. 1986లో అమెరికా ప్రమాణంగా, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగా అది గుర్తింపు పొందింది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్, ఒరాకిల్ వంటివన్నీ చిన్న చిన్న తేడాలతో ఈ భాషనే అర్థం చేసుకుంటాయి.

ఈ భాషలో అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. దాని నిర్మాణం సులభం. సెలెక్ట్ అనే మాట తర్వాత ఏ గడులు కావాలో, ఫ్రమ్ అనే మాట తర్వాత ఏ పట్టికలోంచి కావాలో, వేర్ అనే మాట తర్వాత ఏ షరతుకు లోబడినవి కావాలో చెప్పాలి. ఈ వ్యాసంలో ఆజ్ఞల ఉచ్చారణ తెలుగు లిపిలో ఇవ్వబడింది. కంప్యూటరులో మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలసి ఉంటుంది.

ఉదాహరణకు ఒక ఉన్నత పాఠశాల ప్రవేశ పుస్తకమంతా కంప్యూటరుకు ఎక్కిందని, ఆ పట్టిక పేరు 'విద్యార్థులు' అని, అందులో పేరు, తండ్రి, గ్రామం, పుట్టినతేదీ అనే గడులున్నాయని అనుకుందాం.

అరుదుగా వచ్చేదే అనుమానాస్పదం

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న లెక్కకు సంబంధించినది.

సెలెక్ట్ గ్రామం, కౌంట్(*) ఫ్రమ్ విద్యార్థులు గ్రూప్ బై గ్రామం ఆర్డర్ బై కౌంట్(*)

ఒకే విధంగా రాసిన గ్రామాలను ఒక గుంపుగా చేర్చి, ఏ గుంపులో ఎందరున్నారో లెక్కించి, తక్కువ సంఖ్య నుండి ఎక్కువకు పేర్చమని దీని అర్థం. హోసూరు ప్రాంతపు బడి అయితే 'బాగలూరు' 212 సార్లు, 'బాగలూర్' 9 సార్లు, 'భాగలూరు' 3 సార్లు, 'బగలూరు' ఒక్కసారి వచ్చాయనుకుందాం. పై వరుసలలో కనబడే ఒంటరి రాతలే ముందుగా పరిశీలించవలసినవి. వేలాది వరుసలు చదివే శ్రమ ఈ ఒక్క ప్రశ్నతో పదుల వరుసలకు తగ్గుతుంది.

గ్రామాల విషయంలో మరొక సౌకర్యం ఉంది. సరైన ఊళ్ళ జాబితాను వేరొక పట్టికగా ఉంచుకుంటే, ఆ జాబితాలో లేని ఊరు ఎవరి వరుసలో ఉందో అడగవచ్చు. ఇందుకు నాట్ ఎగ్జిస్ట్స్ అనే షరతు క్షేమకరం. నాట్ ఇన్ అనే షరతు కూడా వాడుకలో ఉంది గానీ, సరైన జాబితాలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ఏ వరుసనూ చూపదు. చూసేవారు తప్పులే లేవని భ్రమపడే ప్రమాదం ఉంది. 2011 జనాభా లెక్కలలో ప్రతి గ్రామానికీ 6 అంకెల సంకేత సంఖ్య ఇచ్చారు. ఊరి పేరుతోపాటు ఆ సంఖ్యను కూడా నమోదు చేస్తే ఏ లిపిలో రాసినా ఊరు మారిపోదు.

కంటికి ఆనని ఖాళీలు

టైపు చేసేటప్పుడు పేరుకు ముందో వెనుకో ఒక ఖాళీ పడటం అతి సాధారణమైన పొరపాటు. కాగితం మీద అది కనబడదు. ట్రిమ్ అనే ఆజ్ఞ పేరుకు ఇరువైపులా ఉన్న ఖాళీలను కత్తిరిస్తుంది. కత్తిరించక ముందు పొడవు, కత్తిరించిన తర్వాత పొడవు వేరుగా ఉన్న వరుసలను అడిగితే సరిపోతుంది.

సెలెక్ట్ * ఫ్రమ్ విద్యార్థులు వేర్ చార్_లెంగ్త్(పేరు) <> చార్_లెంగ్త్(ట్రిమ్(పేరు))

పొడవులను పోల్చడానికి కారణం ఉంది. కొన్ని డేటాబేస్‌లు రెండు పేర్లను నేరుగా పోల్చేటప్పుడు చివరి ఖాళీలను లెక్కలోకి తీసుకోవు. పేరు మధ్యలో రెండు ఖాళీలు పడిన చోట్లను లైక్ అనే షరతుతో, రెండు శాతం గుర్తుల నడుమ రెండు ఖాళీలు పెట్టి వెదకాలి. శాతం గుర్తుకు ఇక్కడ 'ఎన్ని అక్షరాలైనా' అని అర్థం. మరొక దొంగ ఖాళీ కూడా ఉంది. ఇంటర్నెట్ పుట నుండి పేరును తెచ్చి అతికించినప్పుడు మామూలు ఖాళీకి బదులు 160వ సంకేతపు ఖాళీ రావచ్చు. చూపుకు రెండూ ఒకటే అయినా సాధారణంగా ట్రిమ్ దాన్ని తొలగించదు. దానికోసం విడిగా వెదకాలి.

నిజంగా ఖాళీగా వదిలిన గడుల సంగతి వేరు. ఏమీ నింపని గడిని నల్ అంటారు. దాన్ని ఈజ్ నల్ అనే ప్రశ్నతోనే పట్టాలి. సమానం, అసమానం అనే గుర్తులకు అది దొరకదు. గడిని ఖాళీగా వదలనివ్వని చోట గుమాస్తాలు అడ్డగీతో, 'లేదు' అనో, 'తెలియదు' అనో నింపుతారు. తండ్రి గడిని గ్రూప్ బై చేసినప్పుడు 'తెలియదు' అనే పెద్దమనిషికి ముప్పై మంది పిల్లలున్నట్లు తేలితే, ఆ ముప్పై వరుసలకూ సమాచారం సేకరించవలసి ఉందని గ్రహించాలి.

పొడవు చెప్పే రహస్యం

పేరు గడికి ముందుగానే ఒక పరిమితి పెట్టి ఉంటే దీర్ఘమైన పేర్లు తెగిపోతాయి. కంప్యూటరు లెక్క కంటి లెక్క కాదు. 'లక్ష్మి' కంటికి రెండు అక్షరాలే. కంప్యూటరుకు అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే 7 సంకేతాలు. ప్రస్తుతం విస్తారంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున అది 21 బైట్లు ఆక్రమిస్తుంది. 20 సంకేతాలు మాత్రమే పట్టే గడిలో 'వెంకటలక్ష్మీనరసింహస్వామి' అని టైపు చేస్తే 'వెంకటలక్ష్మీనరసింహస్' వద్ద ఆగిపోతుంది.

దీనిని పట్టడానికి పేర్లను పొడవును బట్టి గ్రూప్ బై చేయాలి. పొడవు పెరిగేకొద్దీ పేర్ల సంఖ్య తగ్గుతూ పోవాలి. సరిగ్గా పరిమితి వద్ద సంఖ్య హఠాత్తుగా పెరిగిందంటే అక్కడ పేర్లు తెగుతున్నాయని అర్థం. అలాగే ఒకటి రెండు సంకేతాల పొడవే ఉన్న పేర్లు కూడా పరిశీలించదగినవే. ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే పడి అసలు పేరు జారిపోయిన వరుసలు అక్కడ దొరుకుతాయి.

ఒకేలా కనబడే వేరు అక్షరాలు

యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో ప్రతి లిపికీ ఒక వాడ కేటాయించారు. ఒడియాకు 2816 నుండి 2943 వరకు, తమిళానికి 2944 నుండి 3071 వరకు, తెలుగుకు 3072 నుండి 3199 వరకు, కన్నడానికి 3200 నుండి 3327 వరకు సంకేత సంఖ్యలు ఉన్నాయి. భూమి మీద వలెనే ఇక్కడ కూడా తెలుగుకు ఇరుగుపొరుగు తమిళ కన్నడాలే.

తెలుగు 'ర' సంకేతం 3120. చూడటానికి ఇంచుమించు అలాగే ఉండే కన్నడ రకారం సంకేతం 3248. బళ్ళారిలోనో, పావగడలోనో ఒకే కంప్యూటరులో రెండు భాషలూ టైపు చేసేవారు కీబోర్డు మార్చడం ఒక్క క్షణం మరచినా తెలుగు పేరులో కన్నడ అక్షరం చేరుతుంది. తెర మీద పేరు నిక్షేపంగా కనబడుతుంది, వెదికితే మాత్రం దొరకదు. కన్నడ పేర్ల గడిలో తెలుగు అక్షరం దూరడం కూడా ఇంతే సులభం.

తెలుగులోనే మరొక మాయ ఉంది. 'రంగయ్య', 'ర౦గయ్య' అనే రెండు రాతలను చూడండి. మొదటిదానిలో ఉన్నది పూర్ణానుస్వారం, దాని సంకేతం 3074. రెండవదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న, దాని సంకేతం 3174. మనం అనుస్వారాన్ని కూడా సున్న అనే పిలుస్తాం కాబట్టి ఈ పొరపాటు సహజంగానే జరుగుతుంది. పేరులో అంకెకు పని లేదు గనుక లైక్ '%౦%' అనే చిన్న షరతు ఇటువంటి వరుసలన్నిటినీ బయటపెడుతుంది.

ఐత్వం విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. 'ై' గుర్తును 3144 అనే ఒకే సంకేతంగా రాయవచ్చు, 3142, 3158 అనే రెండు సంకేతాల కలయికగా కూడా రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతున్నా, చాలా పోలికలలో కంప్యూటరు వాటిని వేరుగానే చూస్తుంది. ఇటువంటి రాతలను ఒకే రూపానికి తెచ్చే ప్రక్రియను నార్మలైజేషన్ అంటారు. పోస్ట్‌గ్రెస్‌లో 13వ విడుదల నుండి ఇందుకు ప్రత్యేకమైన ఆజ్ఞ ఉంది.

తెలుగు వాడకు బయటి సంకేతం ఏది పేరులో ఉన్నా చూపమని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే షరతుతో అడగవచ్చు. ఖాళీని, పొడి అక్షరం తర్వాతి చుక్కను మినహాయించాలి. 8204వ సంకేతాన్ని కూడా మినహాయించాలి. కంటికి కనబడని ఆ గుర్తు 'రాజ్‌కుమార్' వంటి పేర్లలో పొల్లును విడిగా నిలుపుతుంది. అది లేకపోతే 'రాజ్కుమార్' అని ఒత్తు పడుతుంది. అయితే అనవసరమైన చోట అదే గుర్తు పడితే తప్పే అవుతుంది. కాబట్టి ఆ గుర్తున్న పేర్లను వేరొక జాబితాగా తీసి చూడటం మంచిది.

ఒక్కొక్క సరిహద్దుకు ఒక్కొక్క ముద్ర

లిపి మారినప్పుడు ధ్వని కూడా మారుతుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. అందుచేత తమిళ రికార్డు నుండి తిరిగి తెలుగులోకి వచ్చిన పేర్లలో గంగమ్మ 'కంగమ్మ'గా, దేవమ్మ 'తేవమ్మ'గా, బాలయ్య 'పాలయ్య'గా మారవచ్చు. ఒడియా రాతలో, సాధారణ మరాఠీ రాతలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరే గుర్తులు లేవు. అక్కడి నుండి వచ్చిన రెడ్డి 'రేడ్డి' కావచ్చు, కొండయ్య 'కోండయ్య' కావచ్చు. ఒడియాలో వకారాన్ని తరచు భకారంతో రాస్తారు గనుక వెంకటరావు 'భెంకటరావు'గా తిరిగి రావచ్చు. కన్నడ లిపిలో తెలుగు పేర్లు దాదాపు చెక్కుచెదరవు. అక్కడి చిక్కు పైన చెప్పిన జంట అక్షరాలదే.

ఈ ముద్రలు తెలిసినవారికి వెదకడం సులభం. పట్టికను దానితోనే జతపరచి, పుట్టినతేదీ, గ్రామం ఒకటే అయి పేరు మాత్రం వేరుగా ఉన్న జంటలను అడగాలి. ఒకే మనిషి రెండుసార్లు నమోదైన సందర్భాలు చాలావరకు ఇందులో బయటపడతాయి. కవల పిల్లలు కూడా ఇదే జాబితాలో కనబడతారని మరువరాదు.

పేరులోని భాగాల వరుస కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే క్రమం. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే పొడి అక్షరం. మొత్తం పొడవు నుండి ఖాళీలు తీసివేసిన పొడవును తీసివేస్తే పేరులో ఎన్ని ఖాళీలున్నాయో, తద్వారా ఎన్ని మాటలున్నాయో తెలుస్తుంది. అందరికీ రెండు మాటలుండగా కొందరికే నాలుగున్న చోట వేరొక పద్ధతిలో నింపారని ఊహించవచ్చు.

ఆంగ్లంలో రాసిన పేర్లకు సౌండెక్స్ అనే పాత ఉపాయం ఉంది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో దీనికి పేటెంటు పొందాడు. ఒకేలా పలికే హల్లులకు ఒకే అంకె ఇవ్వడం దీని సూత్రం. లక్ష్మి అనే పేరును ఆంగ్లంలో కె, ఎస్, హెచ్ లతో రాసినా, ఎక్స్‌తో రాసినా దీని లెక్కలో ఎల్250 అనే ఒకే గుర్తు వస్తుంది. కానీ మొదటి అక్షరాన్ని ఇది యథాతథంగా ఉంచుతుంది. కనుక కృష్ణను కొందరు కె తోను, కొందరు సి తోను మొదలుపెడితే కలపలేదు. ఆంగ్ల ఉచ్చారణకు తయారైన ఈ పద్ధతి తెలుగు లిపిలోని పేర్లకు ఉపయోగపడదు.

అనుమానం ప్రశ్నది, తీర్పు ఇంటివారిది

ఇంతవరకు చెప్పిన ప్రశ్నలన్నీ అనుమానించదగిన వరుసలను మాత్రమే చూపుతాయి. వాటిలో తప్పేదో, ఒప్పేదో చెప్పే శక్తి వాటికి లేదు. 'పాలయ్య' అనేది బాలయ్యకు వచ్చిన తప్పు రాత కావచ్చు, తాతగారి పేరు పెట్టుకున్న అసలైన పాలయ్య కావచ్చు. 'ఎంకమ్మ', 'నర్సిములు', 'తిప్పేస్వామి', 'సుంకప్ప' వంటి పేర్లు పట్టణపు గుమాస్తాకు పొరపాట్లుగా తోచవచ్చు. ఆ ఊళ్ళలో అవే సిసలైన పేర్లు. నర్సిములు అని తండ్రి రాయించిన పేరును నిఘంటువు చూసి నరసింహులుగా దిద్దితే, ఒక్క తప్పును సరిచేయబోయి అతని మిగిలిన కాగితాలన్నిటితో కొత్త తగవు తెచ్చినట్లవుతుంది. అరుదైన పేరు తప్పు పేరు కానక్కరలేదు.

అందువల్ల దిద్దుబాటుకు కొన్ని నియమాలు పాటించాలి. ముందుగా పట్టికకు నకలు తీసి భద్రపరచాలి. అనుమానిత వరుసలను అచ్చుతీసి, పాత చేతిరాత పుస్తకంతో సరిచూడాలి. తర్వాత కుటుంబాన్ని పిలిచి అడగాలి. మార్పు చేసే ఆజ్ఞ పేరు అప్‌డేట్. దానికి వేర్ షరతు జతచేయకపోతే పట్టికలోని ప్రతి ఒక్కరి పేరూ మారిపోతుంది. కాబట్టి అదే షరతుతో ముందు సెలెక్ట్ నడిపి, ఎన్ని వరుసలు వస్తాయో చూసి, ఆ తర్వాతే అప్‌డేట్ నడపాలి. పాత రాతను తుడిచివేయక వేరొక గడిలో ఉంచి, మార్చిన తేదీ, ఆధారం రాసిపెట్టాలి. ఖాళీలు, సున్నలు వంటి యాంత్రికమైన తప్పులను ఒక్కసారిగా దిద్దవచ్చు. ధ్వనికి సంబంధించిన మార్పును మాత్రం ఒక్కొక్క వరుసగా, అడిగి తెలుసుకొని చేయాలి.

డేటాబేస్ లేని చిన్న బడులలో ఎక్సెల్ పట్టికతోనూ ఇందులో చాలా పని జరుగుతుంది. అందులో లెన్ పొడవును చెబుతుంది, ట్రిమ్ ఖాళీలను తీస్తుంది, కౌంట్‌ఇఫ్ ఒక రాత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తుంది.

కుటుంబాలు చేయదగినది

కంప్యూటరు పట్టికను ప్రశ్నించే పని కార్యాలయాలది, బడులది. తమ వరుసను చూపమని అడిగే పని కుటుంబాలది. బిడ్డను బడిలో చేర్చేటప్పుడు పేరును నోటితో చెప్పి ఊరుకోక, కాగితం మీద తెలుగులోను, రాష్ట్ర భాషలోను, ఆంగ్లంలోను స్పష్టంగా రాసి ఇవ్వాలి. నమోదైన తర్వాత అచ్చుప్రతి తీయించి అక్షరం అక్షరం చూసుకోవాలి. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా అన్నది ఇంట్లో ఒకసారి నిర్ణయించుకొని అన్ని కాగితాలలోనూ అదే పాటించాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, భూమి పత్రం ఒకచోట పరచి నాలుగింటిలో పేరు ఎలా ఉందో పోల్చుకోవాలి. పదవ తరగతి ధ్రువపత్రంలోని పేరే ఆ తర్వాతి చదువులకు, ఉద్యోగాలకు ఆధారంగా అడుగుతారు గనుక, తొమ్మిదవ తరగతి ముగిసేలోగా ఈ సవరణలు పూర్తిచేసుకోవడం ఉత్తమం.